తిన్నగా నిలబడ్డ బొమ్మ

పోలమ్మ పని మానేస్తోందని తెలిసిన రోజు నుంచి ఇటుకల షెడ్డులో ఆడవాళ్లందరి కళ్లూ ఆమె బల్ల మీదే ఉన్నాయి.

బల్లంటే గొప్ప బల్లేం కాదండీ. కాళ్లు తుప్పు పట్టిన ఇనప బల్ల, దాని వెనకాల ఒక స్టూలు. భట్టీలో కాలి వచ్చిన ఇటుకల్ని ట్రాలీ మీద తెచ్చి ఆ బల్లకి ఆనించి పెడతారు. ఒక్కో ఇటుకనీ ముందుకి లాక్కుని, చిన్న సుత్తితో కొట్టి, చెవి పెట్టి వినాలి. ఖంగుమంటే మంచి ఇటుక, ఉక్కు కొలిమి గోడలోకి వెళ్తుంది. చప్పగా పలికితే లోపల పగులుందని అర్థం, పక్కన పడెయ్యాలి. పోలమ్మ పందొమ్మిదేళ్లు అలా విని విని, ఇంట్లో గ్లాసులూ గిన్నెలూ కూడా వేలితో కొట్టి చూసే అలవాటు తెచ్చుకుంది. ఆమెకిప్పుడు అరవై నిండాయి. ఈ నెలాఖరుకి గేటు పాసు ఇచ్చేసి వెళ్లిపోతుంది.

ఆ షెడ్డు మొత్తం మీద ఆడకూలీలకి కూర్చుని చేసే పని అదొక్కటే. మిగతావన్నీ వంగీ, ఎత్తీ, మోసీ చేసేవే. అందుకే ఆ స్టూలు మీద అందరికీ ఆశ. అందరికంటే ఎక్కువ ఆశ చిన్నమ్మలుకి.

చిన్నమ్మలుకి యాభై ఆరేళ్లు. అంటే ఇంకా నాలుగేళ్లు ఈడ్చాలి. పొద్దున్న మంచం మీంచి లేవడానికే ఆమెకి ఒక పద్ధతుంది. ముందు పక్కకి తిరగాలి, తర్వాత మోచెయ్యి ఆన్చాలి, తర్వాత కాళ్లు కిందకి జార్చాలి, అప్పుడు గోడ పట్టుకోవాలి. ఇదంతా అయ్యేసరికి వాళ్లుండే ఖుర్సీపార్‌లో కుళాయి నీళ్లొచ్చి సగం పోతాయి. "నాలుగేళ్లే కదా" అని భర్త బంగార్రాజుతో రోజూ అంటుంది. నాలుగేళ్లంటే ఎన్ని ఇటుకలో ఎప్పుడూ లెక్క వేసుకోలేదు. వేసుకుంటే ఆ రోజుకి చెయ్యి లేవదని భయం.

పని ఎలా ఉంటుందంటే, ప్రెస్సు నోట్లోంచి పచ్చి ఇటుకలు వస్తాయి. ఆ నోరు మోకాలెత్తున ఉంటుంది. ఎవడు పెట్టాడో గానీ, వాడెప్పుడూ ఇటుక ఎత్తినవాడు కాడు. ఒక్కో ఇటుకా ఎనిమిది కిలోలు. పచ్చిది కాబట్టి గట్టిగా నొక్కకూడదు, పసిబిడ్డ తలని పట్టుకున్నట్టు రెండు చేతులా పట్టుకుని, భట్టీలోకి వెళ్లే బండి మీద వరుసగా పేర్చాలి. అడుగు వరుస చీలమండ దగ్గర, పై వరుస తలకంటే ఎత్తున. పూటంతా కలిపి మనిషికి ఆరొందల పైమాటే.

చిన్నమ్మలుకి జోడీ శ్రీలక్ష్మి. ముప్పై నాలుగేళ్ల మనిషి, నోరు పెద్దది, చెయ్యి చురుకు. వీధి చివరిల్లే. మూడేళ్ల కిందట వినాయక చవితి ముందు ఒకనాడు చిన్నమ్మలు అడుగు వరుస పెట్టడానికి వంగి, వంగినది వంగినట్టే ఉండిపోయింది. లేవలేదు. శ్రీలక్ష్మి వచ్చి చంకల కింద చేతులేసి లేపింది. మర్నాటి నుంచి కింది నాలుగు వరుసలూ శ్రీలక్ష్మి పెట్టడం మొదలెట్టింది, పైవి చిన్నమ్మలుకి వదిలేసింది. ఇద్దరూ దాని గురించి ఒక్క మాట కూడా అనుకోలేదు. ఇప్పటిదాకా అనుకోలేదు.

మే నెల మొదట్లో ఇన్‌ఛార్జి గురునాథరావు అందరినీ ఒక చోటికి పిలిచాడు. మంచివాడే, చీపురుపల్లి వైపు మనిషి, ఉక్కు ప్లాంటులో రిటైరై ఇక్కడికొచ్చాడు. గొడవలంటే మాత్రం మహా భయం.

"చూడండమ్మా, పోలమ్మగారి బల్ల ఎవరికివ్వాలని నన్ను పీక్కు తినకండి. కాలేజీ నుంచి ఒక అమ్మాయి వస్తోంది. మీ ఒంటికి చిన్న చిన్న డబ్బీలు కడుతుంది. ఎవరు ఎంత వంగుతున్నారు, ఎవరి నడుం ఎంత కష్టపడుతోంది, అన్నీ ఆ డబ్బీలే చెప్తాయి. హద్దు దాటి వంగినప్పుడల్లా లెక్కలో ఎరుపు పడుతుంది. ఎవరికి ఎరుపు ఎక్కువొస్తే బల్ల వాళ్లకి. సిఫార్సుల్లేవు, ఏడుపుల్లేవు."

"మరి డబ్బీకి లంచమిస్తే?" అంది శ్రీలక్ష్మి.

"నీలాంటిది ఉంటుందనే యంత్రం తెప్పించాం" అన్నాడాయన. అందరూ నవ్వారు.

చిన్నమ్మలు కూడా నవ్వింది. లోపల మాత్రం పెద్ద బరువు దిగినట్టనిపించింది. నడుం నొప్పి అని నోటితో చెప్పుకోవడం ఆమెకి చేతకాదు. చెప్పిన రెండుసార్లూ "ఎవరికి లేదమ్మా నొప్పి" అన్నారు. ఇప్పుడు చెప్పక్కర్లేదు. యంత్రమే చూసుకుంటుంది.

వచ్చిన అమ్మాయి పేరు అపర్ణ. స్మృతి నగర్‌లో ఇల్లు, వాళ్లదీ శ్రీకాకుళం వైపే గానీ పుట్టిందీ పెరిగిందీ ఇక్కడే, ఛత్తీస్‌గఢ్‌లోనే. తెలుగు అర్థమవుతుంది, మాట్లాడబోతే మధ్యలో హిందీ దూరిపోతుంది. చామనఛాయ, సన్నటి పిల్ల, ఆ ఎండలో ముఖం ఎర్రగా కందిపోయి ఉంది. అగ్గిపెట్టెంత డబ్బీలు తీసి, సాగే పట్టీలతో మెడ వెనకాల ఒకటి, నడుం మీద ఒకటి, చేతులకి రెండు, తొడలకి రెండు కట్టింది. చీర మీద తొడకి పట్టీ కట్టించుకోవడానికి ఆడవాళ్లంతా ఒకటే సిగ్గు. "దీదీ, దీనికి కరెంటు కొట్టదు కదా?" అని పదిసార్లు అడిగారు.

చిన్నమ్మలు వంతు వచ్చింది.

"ఆంటీ, చేతులు నీచే దించేసి, సీధా నిలబడండి. నేను పది లెక్కపెట్టేదాకా హిలకూడదు, కదలకూడదు. మీరు తిన్నగా ఉంటే ఎలా ఉంటారో మెషీన్‌కి ముందు తెలియాలి కదా, అక్కణ్ణుంచి అది గిన్తీ, అదే లెక్క, మొదలెడుతుంది."

చిన్నమ్మలు కాళ్లు దగ్గర పెట్టుకుంది. చేతులు దించింది. గెడ్డం ఎత్తి, ఊపిరి బిగబట్టి, తనకి ఎంత తిన్నదనం తెలుసో అంత తిన్నగా నిలబడింది. చిన్నప్పుడు బళ్లో ఉన్న రెండేళ్లూ ప్రార్థనకి అలాగే నిలబడేది. మేష్టారు మెచ్చుకునేవారు కూడా.

అపర్ణ ఆమె వైపు చూసింది. నోరు తెరిచి ఏదో అనబోయింది. మళ్లీ చూసింది. అనలేదు.

"ఇంకా తిన్నగానా అమ్మా?" అంది చిన్నమ్మలు.

"నహీఁ ఆంటీ. బస్, ఠీక్ హై" అని మీట నొక్కింది.

అంతే, లాప్‌టాప్ తెర మీద ఒక బొమ్మ లేచి నిలబడింది. ముఖం లేదు, బట్టల్లేవు, కర్రబొమ్మలాంటి మనిషి. చిన్నమ్మలు చెయ్యెత్తితే అదీ ఎత్తింది. తల తిప్పితే అదీ తిప్పింది. కొబ్బరి చెట్టులా నిటారుగా నిలబడి ఉంది. అందరూ చుట్టూ మూగారు.

"ఓలమ్మో పిన్నీ, అది నువ్వేనేటి? పెళ్లికూతురిలాగ ఎంత సక్కగ నిలబడ్డావో సూడు!" అంది శ్రీలక్ష్మి.

చిన్నమ్మలుకి తన ఒళ్లు తానెప్పుడూ బయట నుంచి చూసుకున్నది లేదు. ఇంట్లో ఉన్నది అరచేతంత అద్దం, బొట్టు పెట్టుకోవడానికి. ఆ బొమ్మని చూసి ఆమెకి ఎంత సంతోషమేసిందో చెప్పలేం. ఇన్నేళ్లు మోసినా నేనింకా ఇలాగే ఉన్నానన్నమాట అనుకుంది. ఆ పూటంతా ఆ ఆనందంలోనే, డబ్బీలు కట్టుకుని ఇటుకలెత్తింది. శ్రీలక్ష్మి తన డబ్బీలతో తను, రోజూలాగే, కింది వరుసలు పెట్టింది.

వారం తర్వాత గురునాథరావు కాగితం తెచ్చి చదివాడు. శ్రీలక్ష్మికి నూటికి నలభై ఒకటి ఎరుపు. మిగతావాళ్లకి ముప్పై, ఇరవై అలాగ. చిన్నమ్మలుకి పదకొండు.

"పదకొండా?" అంది ఎవరో వెనక నుంచి. "మరి రోజూ అబ్బా అమ్మా అని మూలుగుతాదేటి?"

"అలవాటై ఉంటాది" అని ఇంకొకరు కిసుక్కున నవ్వారు.

"అందరికంటే మీ నడుమే బాగుందమ్మా, సంతోషించాలి" అన్నాడు గురునాథరావు. నిజంగా సంతోషంగానే అన్నాడు. "శ్రీలక్ష్మీ, ఒకటో తారీకు నుంచి బల్ల నీదే."

శ్రీలక్ష్మి ఎగిరి గంతేసింది. ఆ గంతు వేస్తూనే చిన్నమ్మలు వైపు ఒక్క క్షణం చూసి, చూపు తిప్పుకుంది.

చిన్నమ్మలు యంత్రం ముందు ఏమంటుంది? ఆ పూట ఇటుకలెత్తుతూ తన నొప్పిని తానే అనుమానంగా చూసుకుంది. వంగినప్పుడల్లా నడుంలో ఇనప చువ్వ తిప్పినట్టుంటుంది కదా, అది నిజంగా ఉందా, లేకపోతే నేను ఊహించుకుంటున్నానా అనుకుంది. మనిషికి నొప్పి ఉండటం ఒక బాధ. ఆ నొప్పి అబద్ధమేమో అనుకోవాల్సి రావడం దానికంటే అలసట. సాయంత్రం ఆటోలో తల పక్కకి వాల్చేసి కూర్చుంటే, పక్కావిడ "ఒంట్లో బాలేదా అక్కా" అని అడిగింది. "అంతా బాగుందంట" అంది చిన్నమ్మలు.

ఇంటికొచ్చేసరికి బంగార్రాజు అన్నం వార్చి, వంకాయ కూర పొయ్యి మీద పెట్టి ఉంచాడు. ముప్పై ఏళ్లు కాంట్రాక్టర్ల కింద కొలిమిల్లో ఇటుక కట్టిన మేస్త్రీ ఆయన. దుమ్ము ఊపిరితిత్తుల్లో కూర్చుంది, రెండు మెట్లెక్కితే ఆయాసం. ఇంట్లోనే ఉండి వంట చేస్తాడు, ఆ వంటకి వంక పెడితే మాత్రం ఊరుకోడు.

"బల్ల శ్రీలక్ష్మికిచ్చేసినారు మావా" అంది గుమ్మంలోనే కూలబడి. "నా నడుం బంగారంలాగుందంట. డబ్బీలు చెప్పినాయి."

బంగార్రాజు గరిటె పక్కన పెట్టాడు. "ఏటి చెప్పినాయి?"

ఆమె అంతా చెప్పింది. డబ్బీలు కట్టడం, తిన్నగా నిలబడమనడం, పది లెక్కపెట్టడం, బొమ్మ నిటారుగా లేచి నిలబడటం. బంగార్రాజు మధ్యలో ఆపాడు.

"ఉండెహె. ముందు నిన్ను నిలబెట్టి, అదే తిన్ననని దానికి చెప్పినారా?"

"అవును మరి. అక్కణ్ణుంచే లెక్కంట."

ఆయనకి దగ్గొచ్చింది, దగ్గాడు. లేచి మంచం కిందున్న పాత గోనెసంచీ లాగాడు. అందులో తాపీ, మూలమట్టం, ఇంకా ఏవేవో పనిముట్లు ఉంటాయి. ఆయన పని మానేసి ఆరేళ్లైనా అమ్మనివ్వడు. వాటిలోంచి దారానికి వేలాడే ఇనప గుండు తీశాడు. గోడ నిటారుగా లేచిందో లేదో మేస్త్రీలు దాంతోనే చూస్తారు. దారం గుమ్మం పైనున్న మేకుకి కట్టి గుండు వదిలాడు. అది ఊగి ఊగి ఆగింది.

"వచ్చి దీని పక్కన నిలబడు. ఆ పిల్ల ముందు ఎలా నిలబడ్డావో అలాగే."

"ఏటిది, పొయ్యి మీద కూర మాడిపోతుంటే!"

"మాడనీ. నిలబడు."

నిలబడింది. ఆయన ఆమె పాదాలు జరిపి, గుండు సరిగ్గా చీలమండ పక్కన ఉండేలా చూశాడు. తర్వాత లేచి, ఆయాసం తీర్చుకుని, ఆమె చెయ్యి పట్టుకుని దారాన్ని తాకించాడు.

"ఇది దారం. తిన్నగా ఉన్న మనిషికి చెవి ఈ దారం దగ్గరుండాలి. ఇప్పుడు నీ చెవి ముట్టుకో."

చిన్నమ్మలు ఒక చేత్తో దారం, ఇంకో చేత్తో చెవి పట్టుకుంది. రెండు చేతుల మధ్యా జానెడు ఖాళీ. జానెడు దాటి ఇంకో రెండు వేళ్లు.

"కొలిమిలో మొదటి వరుస వాలుగా పెట్టేసి, ఆ వాలునే తిన్నన అనుకుని పైన కట్టుకుపోతే, గోడంతా బాగున్నట్టే కనిపిస్తాది" అన్నాడు బంగార్రాజు నెమ్మదిగా. "ఆ యంత్రం తప్పేం లేదు. నువ్వు వంగి నిలబడ్డావు. అది సున్నా అనుకుంది. అక్కణ్ణుంచి నువ్వు ఇంకెంత వంగావో, అదొక్కటే లెక్కేసింది."

చిన్నమ్మలు చేతులు దించలేదు. ఆ జానెడునే చూస్తోంది.

"నాను తిన్నగానే నిలబడ్డాను మావా."

"నీకలాగే అనిపిస్తాది."

"ఎన్నాళ్ల నుంచి?"

"చీర అంచు ముందు నేల మీద పడి, వెనక పైకి లేచిపోతోందని నువ్వు ముందు కుచ్చిళ్లు ఎక్కువ దోపడం మొదలెట్టలేదూ? అప్పట్నుంచి. నాలుగేళ్లు దాటింది."

ఆమె నిజంగానే అలా దోపుతోంది. చీరలే సరిగా నెయ్యడం లేదని, ఈ మధ్య వచ్చేవన్నీ వంకర చీరలని బజార్లో కొట్టువాడితో దెబ్బలాడింది కూడా.

"మరి నాకెందుకు చెప్పలేదు?"

"చెప్తే ఏటి చేసుందువు? పని మానేసుందువా?"

ఆమె దారం వదిలి పొయ్యి దగ్గరికెళ్లింది. కూర నిజంగానే మాడింది. ఇద్దరూ ఆ మాడిన కూరే వేసుకుని తిన్నారు. ఆయన వంకాయలు ముదురువని వంక పెట్టాడు, ఆమె అవునంది.

పడుకున్నాక ఆమెకి అపర్ణ ముఖం గుర్తొచ్చింది. నోరు తెరిచి మూసేసింది కదా, ఆ పిల్ల చూసింది. శ్రీలక్ష్మి రోజూ చూస్తుంది. కుళాయి దగ్గర వాళ్లూ, ఆటోవాడూ చూస్తారు. లోకమంతా చూసిన దాన్ని తనొక్కత్తే చూడలేదు. ఆ సంగతి తలుచుకుంటే నొప్పి కంటే ఎక్కువ సిగ్గేసింది. రేపు వెళ్లి అడగాలంటే, 'నేను వంగిపోయాను' అని అందరి ముందూ నోటితో ఒప్పుకోవాలి. అడక్కపోతే నాలుగేళ్లు, రోజుకి ఆరొందల ఇటుకలు. ఆ రోజు మొదటిసారి లెక్క వేసుకోబోయింది. మధ్యలోనే నిద్ర పట్టేసింది, అంత అలిసిపోయి ఉంది.

మర్నాడు అపర్ణ డబ్బీలు సర్దుకోవడానికి వచ్చింది. చిన్నమ్మలు నేరుగా వెళ్లి ఎదురుగా నిలబడింది.

"అమ్మా, నన్ను నిలబెట్టినప్పుడు నాను తిన్నగా ఉన్నానా?"

అపర్ణ చేతిలో పట్టీ అలాగే ఉండిపోయింది. ముందు అటూ ఇటూ చూసింది. తర్వాత కళ్లలో నీళ్లు తిరిగాయి.

"లేరు ఆంటీ. నాకు అప్పుడే కనిపించింది. ఇంకా తిన్నగానా అని మీరడిగారు కదా. మీరు మా నానమ్మలా ఉన్నారు, అంత కోషిష్ చేసి, కష్టపడి నిలబడ్డారు. అందరి ముందూ మీరు సీధా లేరని ఎలా అనను? నాకు అనాలనిపించలేదు."

"మర్యాద చేసావు."

"గల్తీ చేశాను" అంది ఆ పిల్ల.

ఇద్దరూ కలిసి గురునాథరావు గదిలోకి వెళ్లారు. ఆయన విని, కళ్లద్దాలు తీసి తుడిచి, మళ్లీ పెట్టుకున్నాడు.

"కాగితం పైకి పంపేశానమ్మా. శ్రీలక్ష్మికి మాటిచ్చేశాను. ఇప్పుడు మారిస్తే నన్ను బతకనిస్తారా? మీరూ మీరూ తెలుగువాళ్లు, లోపల లోపల సర్దుకున్నారంటారు పైవాళ్లు."

"సార్, తప్పు నాది. నేనే రాసిస్తాను" అంది అపర్ణ. "డబ్బీలు మళ్లీ కట్టక్కర్లేదు కూడా. ఆంటీ నిలబడినప్పుడే ఎంత వంగి ఉన్నారో కొలిచి పాత లెక్కకి కలిపితే చాలు. ఆ రోజు రికార్డంతా నా దగ్గరుంది."

ఆయన కిటికీలోంచి షెడ్డు వైపు చూశాడు. "అయితే గదిలో కాదు. షెడ్డులో, అందరి ముందూ కొలవాలి. రేపెవరూ నన్ను వేలెత్తి చూపకూడదు. ఒప్పుకుంటావా చిన్నమ్మలూ?"

ఆమె భయపడింది సరిగ్గా దానికే. తలూపింది.

టీ వేళకి ప్రెస్సు ఆపించారు. ప్రెస్సు ఆగితే ఆ షెడ్డు ఎంత పెద్దదో అప్పుడు తెలుస్తుంది, చప్పుడు లేక చెవులు దిబ్బళ్లు వేసినట్టుంటాయి. చిన్నమ్మలు ఇంటి నుంచి కొంగున మూటగట్టి తెచ్చుకున్న గుండు తీసి ఇచ్చింది. అపర్ణ దాన్ని స్తంభానికున్న కొక్కేనికి వేలాడదీసింది. ఆడవాళ్లు గుండ్రంగా నిలబడ్డారు. శ్రీలక్ష్మి ముందు వరుసలో, చేతులు కట్టుకుని.

"బల్ల పోయిందని ఇప్పుడు కొత్త నాటకమా పిన్నీ?" అంది గట్టిగా.

చిన్నమ్మలు దారం పక్కన నిలబడింది. ఈసారి గెడ్డం ఎత్తలేదు, ఊపిరి బిగబట్టలేదు. ఒళ్లు ఎలా ఉంటే అలా వదిలేసింది. పాతిక జతల కళ్లు ఆమె వీపు మీద పాకుతున్నట్టే ఉంది. అపర్ణ కోణం కొలిచే పెట్టె తెచ్చి, దారం నుంచి ఎంత వాలుందో చూసి, బెదురుగా చెప్పింది.

"ఇరవై మూడు డిగ్రీలు."

ఎవరికీ అర్థం కాలేదు. అపర్ణ లాప్‌టాప్‌లో ఆ అంకె వేసి, తెర అందరి వైపూ తిప్పింది. అదే బొమ్మ. కానీ ఈసారి అది నిటారుగా లేవలేదు. పని మొదలెట్టకముందే, చేతిలో ఇటుక లేకుండానే, తల ముందుకేసుకుని, కింద పడ్డదేదో వెతుక్కుంటున్నట్టు నిలబడి ఉంది.

షెడ్డులో ఎవరూ నవ్వలేదు. మూలుగుతుందన్న మనిషి కొంగు నోటికడ్డం పెట్టుకుంది. చిన్నమ్మలు ఆ బొమ్మని చూసింది. ఇది తనే. ఆ మొదటి బొమ్మ మీద ఆమెకి కాస్త బెంగ కూడా కలిగింది, ఎవరో చుట్టం వచ్చి వారం రోజులుండి వెళ్లిపోయినట్టు.

"ప్రెస్సు దగ్గర ఇటుక తీసిన ప్రతిసారీ ఆంటీ ఎర్రగీతకి ఇవతలే ఆగిపోయినట్టు వచ్చింది" అంది అపర్ణ. "గీత దాటుతూనే ఉన్నారు. మనమే తప్పు చోటు నుంచి కొలిచాం. ఇప్పుడు నూటికి యాభై ఎనిమిది."

గురునాథరావు గొంతు సవరించుకున్నాడు. "అయితే మాట ప్రకారం బల్ల..." అని శ్రీలక్ష్మి వైపు చూడలేక ఆగిపోయాడు.

"నాకే ఇవ్వండి" అంది చిన్నమ్మలు.

ఆ మాట అంత సూటిగా తన నోటి నుంచి వస్తుందని ఆమెకే తెలియదు. వద్దులెండి, చిన్నపిల్ల ఆశపడింది, దానికే ఇవ్వండి అని ఆమె ఇంకో వయసులో అయితే అనుండేది. ఇప్పుడు ఆ మంచితనం మొయ్యడానికి కూడా ఒంట్లో శక్తి లేదు.

"ఇంకో మాట కూడా రాసుకోండి బాబూ" అంది. "ఈ పిల్లకొచ్చిన నలభై ఒకటిలో సగం నావి. మూడేళ్ల నుంచి నా కింది వరుసలు అదే పెడుతోంది. ఆ ప్రెస్సు నోరు పైకి లేపించండి, ఆ బండి కింద ఏదైనా ఎత్తు పెట్టించండి. లేకపోతే ఇంకో పదేళ్లకి ఈ పిల్లా ఆ బొమ్మలాగే అవుతాది."

"పైకి రాస్తానమ్మా" అన్నాడాయన. పైకి రాస్తానంటే ఏమిటో అక్కడున్న అందరికీ తెలుసు. అపర్ణ మాత్రం నిజమే అనుకుని రాసుకుంది.

శ్రీలక్ష్మి వెళ్లిపోతూ చిన్నమ్మలు పక్కన ఆగింది.

"మూడేళ్లు నోరు మూసుకుని, నా బల్ల పోయాకా చెప్తావు?"

"నువ్వూ నోరు మూసుకునే పెట్టావు కదే."

"చెప్తే నువ్వు ఏడుస్తావని" అంది శ్రీలక్ష్మి. తర్వాత వారం రోజులు పలకలేదు. ఆటోలో కూడా ముందు సీట్లో, డ్రైవరు పక్కన కూర్చునేది.

ఒకటో తారీకు పోలమ్మ స్టూలు మీద చిన్నమ్మలు కూర్చుంది. కూర్చుని పని చెయ్యడం ఆమెకి చేతకాలేదు, కాళ్లు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. మొదటి గంటలో మూడుసార్లు ఊరికే లేచింది. ఇటుకలు వినడం కూడా పోలమ్మ చెప్పినంత సులువేం కాదు. ప్రెస్సు రొదలో ఖంగుమన్నదేదో చప్పగా పలికినదేదో తెలియక, ఒక్కోదాన్నీ మూడేసి దెబ్బలు కొట్టి చూసింది. నడుం అలాగే ఉంది. కూర్చుంటే పోతుందనుకున్న నొప్పి ఎక్కడికీ పోలేదు, కాస్త కిందకి జరిగి కూర్చుంది, అంతే.

అవతల శ్రీలక్ష్మికి కొత్త జోడీ వచ్చింది. ఛత్తీస్‌గఢ్ పిల్ల, పని తెలియదు, పచ్చి ఇటుకని గట్టిగా నొక్కి విరగ్గొడుతోంది. శ్రీలక్ష్మి దాన్ని తిడుతూ, తిడుతూనే కింది వరుసలన్నీ తానే పెట్టుకుంటోంది. చిన్నమ్మలు చూడకూడదనుకుంటూనే చూసింది.

టీ వేళకి శ్రీలక్ష్మి రెండు గ్లాసులు పట్టుకుని బల్ల దగ్గరికొచ్చింది. ఒకటి బల్ల మీద ఠక్కున పెట్టింది. రెండో గ్లాసు కూడా పక్కన పెట్టి, కొంగు బొడ్లో దోపుకుని, చిన్నమ్మలుకి వీపు చూపించి నిలబడింది.

"చూసి చెప్పు పిన్నీ. నాను తిన్నగా ఉన్నానా?"

చిన్నమ్మలు స్టూలు మీంచి కాస్త వెనక్కి జరిగింది. ఆ వీపుని మెడ దగ్గర నుంచి నడుం దాకా తొందరపడకుండా చూసింది. మళ్లీ ఒకసారి చూసింది. బాగానే ఉన్నావే, నీకేటి, అని నోటి చివరిదాకా వచ్చింది.

"ఎడమ భుజం దిగింది" అంది. "రెండు వేళ్లు."

శ్రీలక్ష్మి కదలకుండా అలాగే నిలబడింది. తర్వాత భుజం కొంచెం ఎత్తింది.

"ఇప్పుడు?"

"ఇంకొంచెం. ఆఁ... ఎక్కువైపోనాది, దించు. అదీ."

"ఇలాగుంటే నొప్పెడతాంది పిన్నీ."

"పెడతాది" అంది చిన్నమ్మలు. "కాసేపు అలాగే ఉండు."